గోడ మీద మనిషంత ఖాళీ

ఆ రోజు అమావాస్య కాదు. నాకు తిథులు తప్పవు. గద్వాలలో మగ్గం ఆపి దానికి దీపం పెట్టేది అమావాస్య నాడు. ఆ రోజు సప్తమి, పైగా మంగళవారం. అయినా నేను పాత కచేరి గుమ్మంలో అడుగు పెట్టేసరికి మా చెల్లెలు ఉత్తరపు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె వెనుక విప్పిన మగ్గం కొయ్యలు గోడకు చేర్చి నిలబెట్టారు. ముందు ప్రమిద వెలుగుతోంది.

నన్ను చూసి పలకరించలేదు. చూపు తిప్పుకుంది. దాంతో నాకు సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి ఆ గోడ చాలు.

మాది నేతపని ఇల్లు. నేను చదువుకుని లెక్కల టీచరునై, వనపర్తిలో పనిచేసి, అక్కడే రిటైరయ్యాను. చెల్లెలు మగ్గం మీదే ఉండిపోయింది. మరిది పోయాక ఒక్కతే అద్దె ఇంట్లో గుంట మగ్గం పెట్టుకుని నేస్తోంది. ఆ మగ్గానికి నేలలో గుంట కావాలి. కాళ్లు గుంటలోకి దించి, తొక్కుడు కర్రలు తొక్కుతూ నేయాలి. ఆమె ఉన్న ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు నేలంతా టైల్సు వేయిస్తారట, మృగశిర కార్తె లోపు ఖాళీ చేయమన్నారు. ఊళ్లో అద్దెకు అడిగిన ప్రతి చోటా మొదటి ప్రశ్న ఒకటే: "గుంట తవ్వుతరా?" అవునంటే తలుపు మూసుకునేది.

అలాంటి సమయంలో పాత కచేరి సంగతి వచ్చింది. అది సంస్థానం నాటి రాతి కట్టడం. మొదట కచేరి, తరువాత గోదాము, ఆ తరువాత వట్టి తాళం. పరిచిన నాపరాళ్లను ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయారు. ఆ దొంగతనమే నేతవాళ్లకు మేలు చేసింది, కింద మట్టి నేల మిగిలింది. అక్కడ నేతవాళ్లందరికీ కలిపి మగ్గాలు వేసుకునే చోటు చేయవచ్చని పై ఆఫీసులో ఒకరు అనడం, కట్టడం నిలుస్తుందో లేదో కొలిచి చెప్పడానికి ఒక ఇంజనీరును పంపడం జరిగాయి. ఆ అమ్మాయిది తెలకపల్లి దగ్గర. తల్లిదండ్రులు పుణె వైపు మట్టిపనికి వలసపోయి చదివించిన పిల్ల. మాట మా మాటే.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె డ్రోను ఎగరేసి, ఫోనుతో నాలుగు మూలలా ఫోటోలు తీసి, లాప్‌టాప్‌లో కచేరి బొమ్మ కట్టి చూపించింది. ఒక్క గుంట తవ్వకముందే ఆ బొమ్మలో మగ్గాలన్నీ పెట్టేసింది. ఎవరి మగ్గం ఎక్కడో చీట్లు తీశారు. మా చెల్లెలికి ఉత్తరపు కిటికీ కింద చోటు వచ్చింది. నేసేవాళ్లకు అంతకంటే మంచి చోటు లేదు. ఉత్తరపు వెలుగులో ఎండ కళ్లలో పడదు, పట్టు రంగు మోసం చేయదు. ఆ రోజు నాకు ఫోను చేసి చాలాసేపు ఆ కిటికీ గురించే చెప్పింది.

అప్పుడు ఆ గోడ నిండా ఎవరివో జొన్న సొప్ప కట్టలు పేర్చి ఉన్నాయి. ఇంజనీరు కెమెరాకు సొప్పే కనిపించింది. సొప్ప తీసి ఊడ్చిన రోజు నేనూ చేయి వేశాను. చివరి వరస కట్టలు లాగేసరికి పగులు బయటపడింది. కిటికీ పక్క నుంచి పైకి పోయింది. కింద నా బొటనవేలి గోరంత, నా తల ఎత్తులో బొటనవేలు కణుపు దాకా దూరేంత. పైకి పోయేకొద్దీ పగులు వెడల్పవుతోందంటే గోడ తల బయటికి ఒరుగుతోందనే.

"ఇది ఆ పిల్లకు చెప్పాలె" అన్నాను.

నేతవాళ్లకు పెద్దగా నిలబడే మనిషి ఒకాయన అక్కడ ఉన్నాడు. నాకంటే చిన్నవాడు. భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుంటూ నవ్వాడు.

"చెప్తం అక్కా, యాడికి పోతం. పెండ్లిచూపులకు ఒస్తుంటే ముందుగాల ఇంటి బొక్కలు సూపెడ్తమా? మొదలు ఒప్పుకోనీ."

అందరూ నవ్వారు. చెల్లెలు కూడా. నేను బస్సెక్కి వచ్చేశాను. వాళ్లు చెబుతారనే అనుకున్నాను.

తరువాతి వారం, ఇంజనీరు మిషను తెచ్చి గోడలు కొలిచే రోజున, వచ్చి చూస్తే ఇదీ సంగతి. కచేరి లోపలంతా తెల్లగా సున్నం. ఉత్తరపు గోడ మీద పగులు లేదు. ఆ చోట సున్నం, ఇసుక ముద్ద పెట్టి మెత్తి, పైన పూత వేశారు. మిగతా గోడంతా ఆరింది. ముద్ద లోతుగా పెట్టిన చోటు ఆరలేదు, నల్లగా తడి కనిపిస్తోంది. ఆ తడి కనిపించకుండా మగ్గం కొయ్యలు. కొయ్యల సందు కనిపించకుండా మా చెల్లెలు. ఆమెను అక్కడి నుంచి లేపకుండా దీపం.

ఇంజనీరు లోపలికి వస్తూనే గుమ్మంలో ఆగింది.

"సున్నం ఎందుకేసిన్రు?"

"నువ్వొస్తున్నవని బిడ్డా" అన్నాడు పెద్దాయన.

ఆమె నవ్వింది. "మా అమ్మ గూడ గింతే. ఇంటికి సారొస్తుండంటే వాకిట్లకెల్లి కనవడే గోడ ఒక్కటి అలికేది. వెనక గోడ పడిపోతున్నా సరే." నవ్వుతూనే గోడల వెంట నడిచింది. "గీ మిషన్ రంగు సూడదు కాకా. రూపు సూస్తది. గోడ ఎంత ఒంగింది, ఏడ ఉబ్బింది, వెంట్రుకంత తేడా ఉన్నా పట్టుకుంటది. పాత గోడలన్నీ జర ఒంగే ఉంటయి, దానికి భయం లేదు. ఒంగి ఆగిందా, ఇంకా కదులుతుందా అనేది పగులు చెప్తది. పూత కింద పగులుంటే దీనికి తెల్వదు." ఆగి అందరి మొహాలూ చూసింది. "ఏమన్న పూడ్చిన్రా?"

"పెద్దగ ఏం లేవు" అన్నాడు పెద్దాయన.

ఆమె చూపు నా మీదికి వచ్చింది. నా చూపు చెల్లెలి మీద ఉంది. చెల్లెలు ప్రమిదలో వత్తి ఎగదోస్తోంది.

మిషను మూడు కాళ్ల మీద నిలబెట్టారు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. తన చుట్టూ తాను మెల్లగా తిరుగుతుంది, తిరుగుతూ కనిపించిన ప్రతి చోటునీ చుక్కలుగా పట్టుకుంటుంది. ఎదురుగా మనిషి ఉంటే మనిషిని పట్టుకుంటుంది, వెనుక గోడను పట్టుకోదు. అందుకని అందరినీ బయటికి పొమ్మంది.

"పెద్దమ్మా, నువ్వు గూడ."

"దీపం వెట్టిన బిడ్డా. కొండెక్కే దాక ఇడిసిపెట్టి పోరాదు."

ఇంజనీరు దీపం వైపు చూసింది, కొయ్యల వైపు చూసింది. తల్లి గుర్తొచ్చిందో ఏమో, కాదనలేకపోయింది. "సరే, మరి కదలకు" అని మిషను ఆన్ చేసింది.

మిషను ఒక చోట తిరగడం అయిపోతే ఇంకో చోట పెట్టారు. అక్కడ అయిపోతే మరో మూల. మేము గుమ్మం బయట నిలబడి చూస్తున్నాం. ఎటు నుంచి చూసినా చెల్లెలు గోడకు అతుక్కునే ఉంది. నూనె తగ్గినప్పుడల్లా కొంగు చాటు నుంచి సీసా తీసి పోస్తోంది.

"గీ దీపం ఇయ్యాల కొండెక్కేటట్టు లేదు" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇంజనీరు చాయ్ తాగడానికి వెళ్లినప్పుడు నేను లోపలికి పోయి చెల్లెలి ఎదురుగా కూర్చున్నాను.

"చెప్పు" అన్నాను.

"ఏం చెప్పాలె?"

"గోడ సంగతి. నువ్వు చెప్పకుంటే నేను చెప్త."

"చెప్పు. చెప్పి మూడు గంటల బస్సుకు పో. గోడ ఇప్పాలంటరు, ఆనలు అయినంక సూద్దామంటరు, ఆనలు అయినంక గీ కచేరే వద్దంటరు. నాకు తెల్వదా? నీకు పింఛనుంది అక్కా. నీ ఇంట్ల టైల్సున్నయి. నా కాళ్లు యాడ వెట్టుకోవాలె?"

"గోడ కింద పెట్టుకుంటవా?"

"అన్నేండ్ల సంది నిలబడ్డది. నేను సచ్చేదాక నిలబడదా?"

"గోడకు నీ వయసు తెల్వదు."

ఆమె ప్రమిదను దగ్గరికి జరుపుకుంది. నాకు ఒక్క మాట మిగిలి ఉంది. ఆ మాట అనాలా వద్దా అనుకుంటూనే అన్నాను.

"నీ పక్క మగ్గం ఎవరికొచ్చింది?"

చెల్లెలికి తెలుసు, నాకూ తెలుసు. నెలల బిడ్డ తల్లి. చీటీ తీసిన రోజే, పక్కనే కిటికీ ఉంది, చువ్వలకు ఉయ్యాల కట్టుకుంటానని సంబరపడింది ఆ పిల్ల.

"పో అక్కా" అంది చెల్లెలు. "దీపం కాడ గిసోంటి మాటలు మాట్లాడకు."

ఇంజనీరు తిరిగి వస్తున్న చప్పుడైంది. మిషను బొమ్మ తయారు చేసి, అందరికీ చూపించాకే ఆఫీసుకు పంపుతానని ఆమె ముందే చెప్పింది. "బొమ్మ సూపెట్టే రోజు దాక ఆగుత. ఆ తెల్లారి ఆగ" అని చెల్లెలితో చెప్పి లేచాను. ఆగడం సరైనదేనా అని బస్సు కృష్ణ మీది బీచుపల్లి వంతెన దాటేదాకా నాలో నేనే వాదించుకున్నాను. గోడ కింద మగ్గం వేసుకుని ఇంకా ఎవరూ కూర్చోలేదు కదా అన్నది ఒక్కటే నా వైపు ఉన్న లెక్క.

మధ్యలో ఒకరోజు మధ్యాహ్నం వనపర్తిలో గాలి లేచి, వడగండ్లతో వాన పడింది. మృగశిర ఇంకా రాలేదు. నేను ఫోను చేశాను.

"ఆడ గూడ వడ్డదా?"

"వడ్డది."

"గోడ ఎట్లుంది?"

"నేనెట్లున్నన్నో అడగవు. గోడ ఎట్లుందని అడుగుతవు."

"నువ్వు మాట్లాడుతున్నవు కదా. గోడ మాట్లాడదు."

ఆ మాటకు ఫోను పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

"గీత వడ్డది" అంది. "సన్నగ. కొత్త సున్నం ఆరితె పడ్తది గద?"

"పడ్తది" అన్నాను. ఆరితే పడే గీతలు అడ్డదిడ్డంగా పడతాయి. "యాడ పడ్డది? అడ్డంగనా, నిలువుగనా?"

"నాకు పని ఉంది" అని పెట్టేసింది.

బొమ్మ చూపించే రోజు మృగశిరకు మూడు రోజుల ముందు వచ్చింది. చెల్లెలి సామాను అప్పటికే సగం మూటలు కట్టి ఉంది. ఇంటి తాళంచెవి ఎల్లుండి ఇచ్చేయాలి. కచేరిలో తెల్లటి దక్షిణపు గోడ మీద ఇంజనీరు ప్రొజెక్టరుతో బొమ్మ వేసింది. మగ్గాలు వచ్చినవాళ్లంతా ఉన్నారు. నెలల బిడ్డ తల్లి బిడ్డను భుజాన వేసుకుని చెల్లెలి పక్కనే కూర్చుంది.

కచేరి కచేరంతా కోట్ల చుక్కలతో గాలిలో లేచి నిలబడింది. ఇంజనీరు దాన్ని చేత్తో తిప్పినట్టు తిప్పింది. కప్పు తీసి పక్కన పెట్టింది, గోడలను పైనుంచి చూపించింది. ఏ దూలం ఎంత దిగిందో, ఏ మూల ఎంత తగ్గిందో రంగులతో వేసింది. దక్షిణపు గోడ ఆకుపచ్చగా ఉంది, తూర్పు, పడమరలు ఆకుపచ్చగా ఉన్నాయి. ఉత్తరపు గోడ తల పసుపుగా ఉంది.

"జర ఒంగింది. గంతే" అంది. "బొమ్మలకెల్లి మనిషిని, కొయ్యలను తీసేసిన. ఇగ సూడుండ్రి."

ఉత్తరపు గోడ మా ముందుకు వచ్చింది. తెల్లటి గోడ మధ్యలో నల్లటి ఖాళీ. పైన నిలువుగా కొయ్యల చీలికలు, వాటి కింద కూర్చున్న మనిషి. తల, కొప్పు, దిగిన భుజాలు, మడిచిన మోకాళ్లు. మనిషి లేదు, మనిషి ఆకారంలో గోడ లేదు.

ఎవరో కిసుక్కున నవ్వారు. "వదినా, నీ బొమ్మ పడ్డదే" అంది ఒకామె.

"బొమ్మ కాదు, బొమ్మ లేని జాగ" అన్నాడు పెద్దాయన. అని తల దించుకున్నాడు.

ఇంజనీరు నవ్వలేదు. "నాలుగు దిక్కులకెల్లి తీసిన. ఏ దిక్కుకెల్లి గూడ పెద్దమ్మ వెనక గోడ దొరకలే. గంత అతుక్కొని కూసున్నవు." చెల్లెలి వైపు తిరిగింది. "దీన్ని నింపొచ్చు. ఒక్కటి నొక్కితే సాలు, పక్కన గోడ ఎట్లుందో సూసుకొని అదే అల్లుకుంటది. చిన్న చిన్న సందులు అన్నీ గట్లనే నింపినం. గీ సాయంత్రం ఆఫీసుకు పంపాలె. గీడ గోడ బాగనే ఉంది, నింపు అంటే నింపుత. అడిగేది గోడ ముంగట కూసున్న నిన్నే."

బిడ్డ తల్లి బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది. పెద్దాయన తువ్వాల మడత పెడుతున్నాడు, విప్పుతున్నాడు. నేను లేద్దామని చేతులు నేలకు ఆనించాను. నా గడువు ఆ రోజుతో సరి. అప్పుడు చెల్లెలు నా మోకాలి మీద చేయి వేసి నొక్కింది. నన్ను ఆపడానికా, తాను లేవడానికా అన్నది ఆమె లేచాకే తెలిసింది.

బిడ్డ తల్లిని దాటి, మమ్మల్ని దాటి, ఉత్తరపు గోడ దగ్గరికి నడిచింది. ఇప్పుడక్కడ కొయ్యలు లేవు, దీపం లేదు. సన్నటి గీత నిలువుగా ఉంది, కిటికీ పక్క నుంచి పైకి. ఆమె కొంగు ముడి విప్పి ఇంటి తాళంచెవి తీసింది. దాని మొనను గీతలో పెట్టి లాగింది. సున్నం పెచ్చు ఊడింది. ఇంకోటి. ముద్ద ఇంకా లోపల పచ్చిగానే ఉంది, బొత్తిగా రాలిపోయింది. ఎవరూ అడ్డం పోలేదు. తల ఎత్తు దాకా గీకి, పగుల్లో వేళ్లు పెట్టింది. సొప్ప తీసిన రోజు నా బొటనవేలు దూరిన చోట ఆమె బొటనవేలు దూరింది, పక్కన ఇంకా సందు మిగిలింది.

"నింపకు" అంది, గోడ వైపే చూస్తూ.

బిడ్డ తల్లి లేచి వెనక్కి, దక్షిణపు గోడ దాకా పోయి నిలబడింది. ప్రొజెక్టరు వెలుగు ఆమె మీద, బిడ్డ మీద పడింది. చుక్కల గోడ వాళ్లిద్దరి మీద వంగి కనిపించింది.

ఇంజనీరు లాప్‌టాప్ పక్కన పెట్టి గోడ దగ్గరికి పోయింది. పగులు కొలిచింది, ఫోటో తీసింది, మళ్లీ కొలిచింది. మమ్మల్ని అందరినీ బయటికి పంపి గుమ్మానికి తాడు కట్టింది. ఎవరినీ ఏమీ అనలేదు. పోయేటప్పుడు మాత్రం పెద్దాయనతో, "ఒక్క మాట చెప్తే ఏమైతుండె కాకా, మిషన్‌కు తెల్వకున్నా నాకు తెల్సు గద గోడలంటే" అంది. ఆయన "తప్పైంది బిడ్డా" అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని నాకు తెలియదు.

ఆఫీసు ఏమంటుందో తెలియని ఆ రోజులు చెల్లెలితో కలిసి నేనూ గడిపాను. తాళంచెవి ఇచ్చేశాం. దాని గాడిలో సున్నం ఉండిపోతే పిన్నీసుతో గీకి, కడిగి ఇచ్చింది. మగ్గం కొయ్యలు పెద్దాయన ఇంటి వసారాలో పెట్టించాం. "నువ్వు చెప్తవనుకున్న" అని ఒకసారి అంది. "లేవబోయిన. నువ్వే ముందు లేచినవు" అన్నాను. అంతటితో ఆ మాట అయిపోయింది.

తీర్పు సగం సగంగా వచ్చింది. కచేరిని వదలరు. ఉత్తరపు గోడ మాత్రం రాయి రాయి విప్పి మళ్లీ కట్టాలి. ఇంజనీరు మిషను మళ్లీ పెట్టి, ఆ గోడలో ప్రతి రాయికి ఒక నంబరు ఇచ్చింది. రాళ్ల మీదా అదే నంబరు, బొమ్మలోనూ అదే నంబరు. ఏది ఏ వరసలో ఏ పక్కకు తిరిగి ఉందో బొమ్మ చూసి కట్టవచ్చు. దక్షిణపు వైపు మగ్గాలకు ముందు గుంటలు తవ్వుతారు. బిడ్డ తల్లికి అటు వైపు చోటు సర్దారు. ఉత్తరపు వైపు చోటు వచ్చినవాళ్లు వానలు పోయి, గోడ లేచేదాకా ఆగాలి. ఎప్పటికి లేస్తుందో రాసి ఇచ్చినవాళ్లు లేరు.

చెల్లెలు ఇప్పుడు వనపర్తిలో నా దగ్గర ఉంది. నా టైల్సు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. ఆ కాళ్లు ఊరికే ఉండవు, ఒకటి తరువాత ఒకటి నేలను నొక్కుతూ ఉంటాయి. కింద ఏమీ లేదు.

మొన్న ఇంజనీరు నా ఫోనుకు ఫోటో పంపింది. గోడ విప్పడం కిటికీ అంచు దాకా దిగింది. నంబర్లు వేసిన రాళ్లు ఆవరణలో వరసలుగా పరిచి ఉన్నాయి. తెరుచుకున్న ఉత్తరం నుంచి వెలుగు లోపలి మట్టి నేల మీద పడుతోంది. చెల్లెలు రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేసి తన చోటు వెతుక్కుంది.

"వెలుగు మంచిగుంది" అంది.

"గోడ లేదు కద" అన్నాను.

ఆమె ఫోను నాకు ఇవ్వలేదు. రాళ్ల మీది నంబర్లు ఒక్కొక్కటే పైకి చదవడం మొదలుపెట్టింది. ఒక చోట వరసలో ఒక నంబరు కనిపించలేదు. ఆ రాయి ఏమైందో అడగమని నాచేత ఇంజనీరుకు అప్పటికప్పుడే ఫోను చేయించింది.